నెత్తిమీది మూలధనము

జుట్టున్నమ్మ యే కొప్పు పెట్టినను అందమే యని మన పెద్దలు చెప్పిరి. జుట్టులేని యయ్య యేమి చేయవలయునో మాత్రము వారు చెప్పి పోలేదు. ఆ లోపమును తీర్చుటకే కాబోలు, నేడు హైదరాబాదు నగరమున బంజారా హిల్సునందును, దాని ప్రక్కనున్న జూబిలీ హిల్సునందును వెండ్రుకలు నాటు వైద్యశాలలు వరుసగా వెలసినవి. నేను వైద్యుడను గాను. ముప్పదిరెండేండ్లు కళాశాలలో తెలుగు చెప్పి విశ్రమించిన యుపాధ్యాయుడను. అయినను ఈ విషయమును గూర్చి వ్రాయుటకు నాకొక యర్హత కలదు. అది యెట్టిదో మొదటనే చెప్పుటకు సిగ్గుపడుచున్నాను. చెప్పకుండ దాటిపోవుటకు మాత్రము ప్రయత్నింపను.

గడచిన మాఘమాసమున తెనాలినుండి మా అక్కయ్య ఫోను చేసెను. ఆమె కుమారునకు ఇరువదియేడేండ్లు. మాదాపూరులో నొక కంప్యూటరు సంస్థలో ఉద్యోగము. మంచి జీతము, మంచి నడవడి. అయినను మూడు సంబంధములు తప్పిపోయినవి. మొదటివారు జాతకములు కుదరలేదనిరి. రెండవవారు ఊరు దూరమనిరి. మూడవవారు మాత్రము మొగమాటము విడిచి, "అబ్బాయికి అప్పుడే ముందు పలచబడుతోంది కదండీ, మా అమ్మాయి ఒప్పుకోవడం లేదు" అని చెప్పిరి. ఆ మాట విన్ననాటినుండి పిల్లవాడు ఎవరితోను సరిగా మాటలాడుట లేదనియు, బంజారా హిల్సులోని యొక వైద్యశాలకు పదివేల రూపాయలు బయానా కట్టెననియు, మిగిలిన సొమ్మునకు అప్పు చేయబోవుచున్నాడనియు చెప్పి, అక్కయ్య తుదకు ఇట్లనెను: "నువ్వు ఒక్కసారి వాడితో వెళ్ళి చూడరా తమ్ముడూ. నీకు ఆనాడు జరిగిపోలేదా? వీడికీ ఏదో ఒకటి చేసి ఒడ్డెక్కిద్దాం."

ఆనాడు జరిగిపోలేదా యను మాట నా మనస్సున ముల్లువలె నిలిచెను.

ఆ శనివారము మేమిరువురము జూబిలీ హిల్సు చెక్‌పోస్టు మెట్రో స్టేషనునొద్ద కలిసికొని, అక్కడనుండి ఆటోలో బంజారా హిల్సునకు పోయితిమి. బంజారాలు, అనగా మన లంబాడీలు, ఒకప్పుడు గుడిసెలు వేసికొని కాపురమున్న రాతికొండ లివి. 1930వ దశకములో మెహదీ నవాజ్ జంగుగారు ఇక్కడి బండలనే ఆదరువు చేసికొని ఇల్లు కట్టి, నగరములోని సంపన్నులకు ఈ కొండల త్రోవ చూపిరి. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణా స్టూడియో ఇక్కడ వెలసెను. తెలుగు సినిమా మద్రాసునుండి క్రమముగా తరలివచ్చుటతో ప్రక్కనే ఫిల్మ్ నగరు ఏర్పడెను. రూపమే జీవనాధార మైనవారు వసించుచోట రూపమును దిద్దువారు చేరుట సహజమే కదా.

సినిమా నటుని విగ్గును నేను తప్పుపట్టను. అతడు ముఖమునకు రంగు వేసికొనునట్లే తలకు విగ్గు పెట్టుకొనును. చూచువాడును అది వేషమని యెఱిగియే టిక్కెట్టు కొనును. రజనీకాంతుగారు తెరమీద నిండు జుట్టుతో కనబడుదురు. సభలకు బట్టతలతోనే వచ్చెదరు. అందుచేత ఆయనయందు తెలుగువారికి గాని తమిళులకు గాని ప్రీతి తగ్గలేదు. చిక్కంతయు తెరమీది తలతో ఇంటిలోని తలను కొలుచుటయందే యున్నది. మేము పోవుచున్న దారిలో పెద్ద పలకలమీద ఒకే మనుష్యుని బొమ్మలు రెండేసి యుండెను. మొదటి బొమ్మలో అతనికి జుట్టు లేదు, నవ్వును లేదు. రెండవ బొమ్మలో రెండును కలవు. మా మేనల్లుడు ఆటోలోనుండి వంగి వంగి ఆ రెండవ బొమ్మనే చూచుచుండెను.

మేము మొదట ప్రవేశించిన వైద్యశాల పేరు చెప్పను. చల్లని గది, మెత్తని కుర్చీలు, ఇరువురకును కాఫీ. టై కట్టుకొన్న యువకు డొకడు తాను సలహాదారునని చెప్పుకొని, మావాని తలముందరి భాగమును ఫోనుతో ఫొటో తీసి, నుదుటిమీద కనుబొమలకు చేరువగా పెన్సిలుతో గీత గీసెను. "అయిదువేల గ్రాఫ్టులు ఒకే సిట్టింగులో పెట్టేస్తాం సార్. హీరోలకి ఉన్నట్టే ఉంటుంది. శివరాత్రి ఆఫరు ఈ వారంతో అయిపోతుందండీ" అనెను.

"ఆపరేషను చేసేదెవరు?" అని యడిగితిని.

"మా టీమ్ ఉంటుంది సార్."

"డాక్టరుగారు వీడి తల ఎప్పుడు చూస్తారు?"

"ఆ రోజున తప్పకుండా వస్తారండీ."

ఆ అరగంటసేపటిలో ఒక్కరును పిల్లవానిని వెనుకకు తిరుగుమని యడుగలేదు. ఇది యెంత పెద్ద లోపమో తెలియవలెనన్న ఈ విద్యయొక్క మూలసూత్రము కొంచెము చెప్పవలసియున్నది.

పురుషునకు వచ్చు సామాన్యమైన బట్టతలకు కారణము రోగము గాదు, తలకు నూనె పెట్టకపోవుటయు గాదు. శరీరములోని పురుషహార్మోనునుండి డీహెచ్‌టీ యను పదార్థము పుట్టును. నుదుటిపైనను నడినెత్తినిని ఉండు వెండ్రుకల కుదుళ్లు వంశక్రమమున దానికి లొంగునవియైనచో ఏటేట సన్నగిల్లి, కడకు నూగువంటి వెండ్రుకను మాత్రమే మొలపించును. తలవెనుకను చెవులమీదను ఉండు కుదుళ్లు చాలమందిలో దానికి లొంగవు. అందుచేతనే ఎంతటి బట్టతలవానికైనను వెనుక నొక గుఱ్ఱపునాడావంటి పట్టీ మిగులును. 1939లో జపానుదేశమున ఒకుడా యను వైద్యుడు వెండ్రుకలతో గూడిన చర్మపు తునకలను మచ్చలు పడినచోట నాటి మొలిపించెను. 1952లో న్యూయార్కు నగరమున నార్మన్ ఒరెన్‌ట్రైకు అను వైద్యుడు బట్టతలకు ఈ పద్ధతి నారంభించి, 1959లో దాని ఫలితములను ప్రకటించెను. వెనుకనుండి తీసిన కుదురు ముందర నాటినను తన వెనుకటి స్వభావమునే నిలుపుకొనుననునది ఆయన నిరూపించిన సత్యము. నాడు నాటిన తునకలు పెద్దవగుటచే తల బొమ్మతలవలె కుచ్చులు కుచ్చులుగా కనబడెడిది. ఇప్పుడు ఒకటి మొదలు నాలుగు వరకు వెండ్రుకలుండు సహజమైన కుదురునే విడదీసి నాటుదురు. దీనినే గ్రాఫ్టు అందురు. వెనుకనుండి సన్నని చర్మపుపట్టీ కోసి, కుట్లు వేసి, ఆ పట్టీనుండి కుదుళ్లను విడదీయుట ఎఫ్.యు.టి. యను పద్ధతి. కుదుళ్లను ఒక్కొక్కటిగా చిన్న గుండ్రని పరికరముతో త్రవ్వి తీయుట ఎఫ్.యు.ఇ. యను పద్ధతి. ఈ రెండవది 2002లో వైద్యపత్రికలోని కెక్కి ప్రచారమునకు వచ్చెను.

చదువరులు గమనింపవలసిన దొక్కటే. ఏ పద్ధతియందును క్రొత్త వెండ్రుక పుట్టదు. ఉన్నది చోటు మారును, అంతే. తీసినచోట మరల మొలవదు. తలవెనుక నున్నది వడ్డీ కాదు, మూలధనము. ఒకసారి వెచ్చించిన తిరిగి రాదు. అట్టి మూలధన మెంతయున్నదో చూడకయే అయిదువేలు వెచ్చించుటకు సిద్ధపడిన ఆ యువకుని చూచి నాకు భయము వేసెను. ఈ భయము నిరాధారమైనది గాదు. 2016లో చెన్నపట్టణమున వైద్యవిద్యార్థి యొకడే ఈ చికిత్స చేయించుకొన్న పిమ్మట మరణించెను. 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషనువారు, ఇది తగిన శస్త్రశిక్షణ గల వైద్యులే చేయవలసిన పని యనియు, సభలలోనో యూట్యూబులోనో చూచి నేర్చుకొనుట శిక్షణ కాదనియు ప్రకటింపవలసి వచ్చెను. అట్లు ప్రకటింపవలసి వచ్చుటయే మన స్థితిని తెలుపుచున్నది. బయానా పోయినను పోవుగాక యని పిల్లవాని చేయిపట్టుకొని వెలుపలికి వచ్చితిని.

నా పూర్వశిష్యురా లొకతె చెప్పిన మీదట, ఆ సాయంకాలమే వేఱొక వీధిలోని చర్మవైద్యురాలి యొద్దకు పోయితిమి. చిన్న గది. గోడమీద బొమ్మలు లేవు. ఆమె ముందుగా చేసిన పని పిల్లవానిని వెనుకకు తిరిగి కూర్చుండుమనుట. దీపముతో గూడిన భూతద్దమును తలవెనుక మూడునాలుగు చోట్ల ఆనించి, ప్రక్కనున్న తెరమీద కుదుళ్లను లెక్కించెను. సామాన్యముగా ఒక చదరపు సెంటిమీటరులో డెబ్బదియెనుబది కుదుళ్లుండును. మావానికి ఏబదికి మించలేదు. వెండ్రుక నన్నము. చెవుల పైభాగమునను మెడకు దగ్గరగను అప్పుడే కొంత పలుచదనము కనబడుచున్నది. అనగా, లొంగవలసినది కాని భాగమున గూడ కొంత లొంగుచున్నది.

"మీ ఇంట్లో పెద్దవాళ్ళ జుట్టు ఎలా ఉంటుంది బాబూ?" అని ఆమె యడిగెను.

"మా నాన్నగారికి బాగానే ఉందండీ. మా అమ్మవైపు కూడా బాగానే ఉన్నట్టే. మా మామయ్యనే చూడండి, అరవై అయిదేళ్ళు వచ్చినా ఎంత ఒత్తుగా ఉందో!" అని మావాడు గర్వముతో నావైపు చూపెను.

ఆమె నన్ను చూచెను. ఆమె చూపు నా నుదుటిపై నొక్క నిమిషము నిలిచెను. ఆ విద్యలో ఆరితేరిన కంటికి తెలియకుండునా? అయినను ఆమె మర్యాదస్తురాలు. ఏమియు ననక కాగితముమీద వ్రాయుటకు కలము తీసెను.

ఇక నా యర్హత చెప్పవలసిన వేళ వచ్చినది. నా తలమీది జుట్టు నాది గాదు.

నాకు ఇరువదియైదవ యేటికే ముందుభాగ మంతయు పోయెను. 1987లో పెండ్లిచూపులకు ముందు మా నాన్నగారు నన్ను మద్రాసు తీసికొనిపోయి, కోడంబాకమున సినిమావారికి విగ్గులు కుట్టు పనివానిచేత నా కొకటి కుట్టించిరి. పెండ్లిచూపులలో అమ్మాయివారు నా చదువును, జీతమును, గోత్రమును అడిగిరి, తల యడుగలేదు. అడుగనిదానికి చెప్పనేల యని మేమును ఊరకుంటిమి. వివాహ సుముహూర్తమున తెరసెల్లా యవతలనుండి వధువు జీలకఱ్ఱ బెల్లము నా తలపై నుంచినప్పుడు ఆమె చేయి ఒక్క క్షణ మాగెను. ఆ ఆగుటను ముత్తైదువలు చూడలేదు, పురోహితుడు చూడలేదు. నే నెఱుగుదును. ఆ రాత్రి ఆమె, "మీకు జుట్టు లేకపోతే నాకేమండీ? ఉందని నమ్మించారు చూశారా..." అని యంతటితో నిలిపివేసెను. ఆ వాక్యమును ఆమె నేటివరకును పూర్తి చేయలేదు. ఎన్నడును నన్ను ఎత్తిపొడవలేదు. అయినను తరువాత కొన్నేండ్లపాటు, నేను చెప్పిన చిన్నమాటనైనను ఆమె రెండవమారు వేఱొకరి నడిగి గాని నమ్మెడిది కాదు.

ఆనాటి యబద్ధమునకు నేను కట్టిన సుంకము చిన్నది గాదు. వేసవిలో తల యుడికిపోయెడిది. గాలివాన వచ్చిన నా గుండె తలమీదనే యుండెడిది. 2016 కృష్ణా పుష్కరములలో మొలలోతు నీట నిలిచి, తల ముంచకయే చెంబుతో భుజములమీద నీళ్లు పోసికొని తిరిగివచ్చితిని. తిరుమలకు నాలుగుమారులు పోయియు కళ్యాణకట్టవైపు తొంగిచూడలేదు. 1999లో మా నాన్నగారు గతించినప్పుడు కర్మకాండకై తలగొరిగించుకొన్న పిమ్మట, నెలదినములు బోడితలతో నిర్భయముగా వీధిలో తిరిగితిని. ఎల్లరును పితృకర్మ యనుకొనిరి. తండ్రి పోయిన దుఃఖమున నాకు కలిగిన స్వేచ్ఛ అది యొక్కటే. దానిని తలచుకొన్న నేటికిని లజ్జ కలుగును.

ఈ రహస్యము నా భార్యకును, అక్కయ్యకును, నాకును తప్ప బ్రదికియున్నవారిలో నెవరికిని తెలియదు. ఇప్పుడు ఆ వైద్యురాలి కలము కాగితముపై నున్నది. నేను ఊరకున్నచో ఆ కాగితముమీద మేనమామకు నిండుజుట్టని యొక యసత్యము పడును. ఆ యసత్యమును నమ్మి పిల్లవాడు తన యున్నకొంచెమును వెచ్చించును. మేనమామ పోలిక యని మనవారు చెప్పు మాటలో కొంత నిజము కలదు. బట్టతలకు సంబంధించిన ముఖ్యమైన జన్యువులలో నొకటి తల్లినుండి వచ్చు ఎక్స్ క్రోమోజోముమీద నుండును. తండ్రివైపు జన్యువులకును పాలు లేకపోలేదు గాని, ఆ గదిలో సాక్ష్యము చెప్పగల తల నాదొక్కటే. రెండుచేతులతో విగ్గు తీసి బల్లమీద పెట్టితిని.

మావాడు ఒక్కమాటయు ననలేదు. వైద్యురాలు మాత్రము ఏమియు జరుగనట్లే లేచి వచ్చి, నా తలను వెనుకకు త్రిప్పి అద్దము ఆనించి చూచెను. చెవులకు పైన రెండువ్రేళ్ల వెడల్పున మిగిలిన పట్టీని పిల్లవానికి చూపి, "ఇదిగో బాబూ, మీ మామయ్యగారికి చివరికి నిలిచింది ఇంత. మీకూ ఇంతే నిలుస్తుందనుకుని లెక్క వేయాలి. దీనికి పైనుంచి తీసి నాటితే, అది ముందుకు వెళ్ళినా కొన్నాళ్ళకు రాలిపోవచ్చు" అనెను.

తరువాత ఆమె వేసిన లెక్క ఇది. మావాని తలనుండి జన్మమొత్తముమీద భద్రముగా తీయదగిన కుదుళ్లు మూడువేలు. నా తలవలె అయినచో బట్టబయలగు చోటు సుమారు నూటయెనుబది చదరపు సెంటిమీటర్లు. మూడువేలును అంతటను చల్లినచో సెంటిమీటరునకు పదునేడైనను రావు. అది చూచువారికి జుట్టుగా తోపదు. ముందరి డెబ్బదియైదు సెంటిమీటర్లకే పరిమితము చేసికొన్నచో నలువది వచ్చును; అది ముఖమునకు చట్రమువలె నిలుచును. మొదటి వైద్యశాలవారు చెప్పిన అయిదువేలు ఎక్కడనుండి తెచ్చెదరని నేనడుగగా, "తేవచ్చు. కాని వెనుక చిల్లులు పడిన దుప్పటిలా అవుతుంది. అక్కడున్నది ముందుకు వచ్చి, ముందుది ఉన్న జుట్టు రాలిపోతే మధ్యలో దీవిలా మిగులుతుంది" అనెను.

"మా అమ్మ తన జుట్టు ఇస్తానంటోందండీ, అది నాటకూడదా?" అని మావాడు మెల్లగా నడిగెను. అక్కయ్య నిజముగానే అట్లన్నదట. వైద్యురాలు నవ్వలేదు. ఒకరి కుదురు నింకొకరి దేహమున నాటిన దేహము దానిని పరాయిదిగా గుర్తించి త్రోసివేయుననియు, దానిని నిలుపుటకు జీవితాంతము దేహరక్షణశక్తిని అణచు మందులు తినవలసియుండుననియు, జుట్టుకొఱకు ఎవరును ఆ పని చేయింపరనియు చెప్పెను. వేంకటేశ్వరస్వామి శిరస్సున గాయమై జుట్టు లేనిచోట నీలాదేవి తన కేశములను తీసి యుంచెనని మనవారు చెప్పుకొను కథ నాకు జ్ఞాపకమునకు వచ్చెను. తలనీలము లను మాటకును ఆ కథయే యాధారమందురు. దేవుడు గ్రహించగలిగినాడు గాని, మానవదేహము తల్లి యిచ్చినను గ్రహింపదు. భక్తులిచ్చిన ఆ తలనీలములను తిరుమలలో వేలము వేయుదురు. అవి విగ్గులై దేశదేశములకు పోవును. నేను దేవునికి ఒక్క వెండ్రుక యైన నీయలేదు. ఏ భక్తురాలి మ్రొక్కునో ముప్పదియెనిమిదేండ్లు నెత్తిని మోసితినేమో!

అట్లయిన మూలధనము తక్కువగా నున్నవారు ఏమి చేయవలయును? ఆమె చెప్పినదానిని నా వంటివారికి తెలియునట్లు ఇక్కడ పొందుపఱచుచున్నాను.

మొదటిది, ఉన్నదానిని కాపాడుకొనుట. తలకు రాచుకొను మినాక్సిడిల్ అను మందునకు 1988లోను, లోపలికి పుచ్చుకొను ఫినాస్టెరైడ్ అను మాత్రకు 1997లోను అమెరికాలో బట్టతల విషయమున అనుమతి లభించెను. ఇవి వాడినంతకాలమే పనిచేయును. రెండవదానివలన కొలదిమంది పురుషులకు కామశక్తి తగ్గుటయు, మనస్సు క్రుంగుటయు కలుగవచ్చును. కావున వైద్యుని పర్యవేక్షణ లేనిదే వాడరాదు. ఇంటిలో గర్భవతు లున్నచో విఱిగిన మాత్రను వారు తాకరాదు. రెండవది, తొందరపడకుండుట. ముప్పదియేండ్ల లోపల బట్టతల యెంతవరకు పోవునో తేలదు. ఏడాదిపాటు మందులతో చూచి, మూడునెలల కొకమారు ఫొటో తీసి పోల్చుకొనవలెను.

మూడవది, నాటించుకొనుటయే నిశ్చయమైనచో, నుదుటిగీతను ఎత్తుగా, నడివయస్సువానికి తగినట్లుగా నిలుపుకొని, ముందుభాగమును మాత్రము కప్పుకొని, నడినెత్తి సుడిని వదలివేయుట. సుడి యెన్ని కుదుళ్లనైనను మ్రింగును. పట్టీకోసి తీయుటయు, ఒక్కొక్కటిగా తీయుటయు రెండును వేర్వేరు సమయములందు ఉపయోగించినచో మొత్తముమీద కొంత యెక్కువ లభించును. నాటినవి కొన్ని వారములలో రాలి, మూడునాలుగు నెలలకు మొలకెత్తి, సంపూర్ణఫలమునకు ఏడాది పట్టును. నాలుగవది, గడ్డమునుండి తెచ్చుకొనుట. దవడక్రింది వెండ్రుక మొద్దుగా నుండును. నుదుటిగీతకు పనికిరాదు గాని వెనుకటి వరుసలలో తలవెండ్రుకలతో కలిపి నాటిన నిండుదనమిచ్చును. ఱొమ్ము వెండ్రుకలు పొట్టివి. వానిమీద అంతగా నమ్మకము పెట్టుకొనరాదు. అయిదవది, తలచర్మముమీద సన్నని చుక్కలుగా రంగు పొడిపించుకొనుట. అది జుట్టు గాదు, తెల్లగా మెఱయు చర్మమును మఱుగుపఱచును, కొన్నేండ్లకు వెలియును. వెనుకభాగముకూడ అంతటను పలుచబడుచున్నవారు మాత్రము కత్తిజోలికే పోరాదు. కృత్రిమమైన నారలను నాటుటను అమెరికాలో 1983లోనే నిషేధించిరి. కుదుళ్లను ప్రయోగశాలలో పెంచు ప్రయత్నము జరుగుచున్నది గాని, అది ఇంకను మన వీధికి రాలేదు.

"ఇవేవీ వద్దనుకుంటే, పొట్టిగా కత్తిరించుకుని తిరగడం. దానికి ఫీజు లేదు" అని ఆమె ముగించెను.

నేను విగ్గును చేతిసంచిలో పెట్టుకొనియే వెలుపలికి వచ్చితిని. చాలసేపు నడిచితిమి. ఇరానీ హోటలులో చాయ్ త్రాగుచుండగా మావాడు తలవంచుకొని, "మామయ్యా, నాకైనా చెప్పి ఉండాల్సింది. అద్దంలో చూసుకున్నప్పుడల్లా మన ఇంట్లో నాకొక్కడికే ఈ శాపం అనుకునేవాణ్ణి" అనెను. ముప్పదియెనిమిదేండ్లక్రిందట నా భార్య నిలిపివేసిన వాక్యమునకు ముగింపు ఆనాడు వినబడినట్లయ్యెను. నా విగ్గు నన్ను మాత్రమే కప్పెననుకొంటిని. వానికి తోడుగా నుండవలసిన తలను గూడ అది కప్పివేసినది.

మేనల్లుడు అప్పు చేయలేదు. ఆ వైద్యురాలు చెప్పిన మందు మొదలుపెట్టి, జుట్టు పొట్టిగా కత్తిరించుకొనెను. ముప్పది నిండిన తరువాత నాటించుకొనునో లేదో వాని యిష్టము. ఫాల్గుణములో వచ్చిన నాలుగవ సంబంధమువారితో వాడే ముందుగా, "నాకు జుట్టు ఇంకా పోతుందండీ. ఇదిగో మా మామయ్య ఫొటో" అని నా బోడితల చూపెనట. వారు ఆలోచించి చెప్పెదమనిరి. ఇంకను చెప్పలేదు.

ఆడపిల్లల తలిదండ్రులను, మగపిల్లల తలిదండ్రులను నేను ప్రార్థించున దొక్కటే. తలను చూచి మనిషిని కాదనుటకు మీకు హక్కున్నది. దాని నెవరును తీసివేయలేరు. కాని మనము పెండ్లిచూపులను సంతగా మార్చి, పిల్లలను సరకుగా నిలువబెట్టినంతకాలము, సరకునకు మెఱుగుపెట్టు దుకాణములు ఏ కొండమీదనైనను వెలయుచునే యుండును. పిల్లవాడు ఏ చికిత్స చేయించుకొన్నను చేయించుకొనుగాక. ముందుగా వాని తలవెనుక నెంత యున్నదో చూపించుకొనుడు. ఇంటిలోని పెద్దలు తమ తలలను దాచకుండ ముందుంచుడు.

ఉగాదినాడు మేనల్లుడు నల్లకుంటలోని మా యింటికి వచ్చెను. అభ్యంగనమునకు పీటలు రెండు వేసి, నా భార్య మొదట వానికి, పిదప నాకు తలకు నూనె పెట్టెను. ఇతరులు చూచుచుండగా నేను తలంటుకొనుట పెండ్లి తరువాత అదియే మొదలు. నూనె చెవులమీదికి కారుచుండగా, "కదలకండి" అని కసరెను. ఈమాటు ఆమె చేయి ఎక్కడను ఆగలేదు.